పరిచయం లేని మనిషి పోతే ఇంత ఏడుపెందుకు?

వానచినుకు:
పది రోజుల కిందట ఒక గాయని కన్నుమూశారు. పేరు రాయడం లేదు. రాస్తే మాటలన్నీ ఆవిడ పాటల మీదికి వెళ్లిపోతాయి, నేను అడగాలనుకున్నది వేరే.

ఆవిడను నేనెప్పుడూ ఎదురుగా చూడలేదు. ఒక్క కచేరీకి కూడా వెళ్లలేదు. ఫోన్‌లో వార్త చూడగానే ఆఫీసు బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. ఆ రోజంతా పని చేయలేకపోయాను. రెండేళ్ల కిందట మా పెదనాన్న పోయారు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. అప్పుడు నాకు కన్నీళ్లే రాలేదు. ఆ పోలికే నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా ఆయన "ఆవిడ నీకేమవుతుంది?" అని అడిగారు. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. నా దగ్గర జవాబు లేదు.

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఇది సహజమేనా, లేక నాలోనే ఏదైనా తేడా ఉందా?

పాతరేడియో:
తేడా ఏమీ లేదమ్మా. నాకు డెబ్బై దాటాయి. ఇలా నేను ఏడ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెడితే రెండు చేతులూ చాలవు.

మీ ఆయన అడిగిన ప్రశ్న మంచిదే. ఏమవుతుంది అంటే, ఇంట్లో ఉన్న గొంతు అవుతుంది. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ గురించి విన్నారా? దశాబ్దాల పాటు నెలలో మొదటి గురువారం రాత్రి ఆవిడ కచేరీ రేడియోలో వచ్చేది. అరబ్బు దేశాలన్నిటా జనం ఆ రాత్రికి పనులు ముగించుకుని రేడియో చుట్టూ చేరేవాళ్లు. ఆవిడ 1975 ఫిబ్రవరి 3న కైరోలో పోయారు. అంత్యక్రియల రోజున శవపేటికను మోయాల్సిన వాళ్ల దగ్గర నుంచి జనం తమ భుజాల మీదికి తీసుకున్నారు. ముందుగా అనుకున్న దారి వదిలేసి తమ దారిన మోసుకెళ్లారు. వాళ్లలో ఆవిడతో ఒక్క మాటైనా మాట్లాడిన వాళ్లు ఎందరు ఉంటారు? అయినా వాళ్ల లెక్కలో ఆవిడ ఇంటి మనిషే. నెలనెలా ఇంటికొచ్చిన మనిషి.

మీ గాయని ఎన్నేళ్లుగా మీ ఇంటికి వస్తోందో ఒకసారి లెక్కేసుకోండి.

నిశిత:
వానచినుకు గారూ, నేను మనస్తత్వ శాస్త్రం చదువుకున్నాను, కొన్నాళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీరు అడిగిన దానికి పేరు ఉంది. 1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. అప్పుడప్పుడే టీవీ ఇళ్లలోకి వస్తున్న రోజులు. తెర మీది మనిషి నేరుగా మన కళ్లలోకి చూస్తూ మాట్లాడితే మనసు దాన్ని పరిచయంగానే తీసుకుంటుందని వాళ్లు గమనించారు. దాన్ని పారాసోషల్ బంధం అన్నారు. ఒకవైపు నుంచే నడిచే బంధం. ఒకవైపే కదా అని అది అబద్ధం అయిపోదు. మీ వైపున్న సగం పూర్తిగా నిజం.

ఇంకొకటి. కెన్నెత్ డోకా అనే ఆయన 1980లలో 'గుర్తింపు లేని దుఃఖం' గురించి రాశారు. చుట్టూ ఉన్నవాళ్లు 'నీకు ఏడ్చే హక్కు ఉంది' అని ఒప్పుకోని దుఃఖం అది. పెంపుడు జంతువు పోయినప్పుడు, విడిపోయిన మాజీ భర్త పోయినప్పుడు, ఇలా తెర మీది మనిషి పోయినప్పుడు అదే జరుగుతుంది. సెలవు ఇవ్వరు, పలకరించడానికి ఎవరూ రారు. బాత్రూమ్‌లో తలుపేసుకోవాల్సి వస్తుంది.

పెదనాన్నగారి సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన పోయిన రోజున మీరు ఏం చేస్తున్నారు?

గట్టిమాట:
అందరూ ఓదారుస్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. మీ ఏడుపు నిజం కావచ్చు, దాని జోలికి నేను రాను. కానీ ఈ సామూహిక సంతాపాల్లో నిజమైన దుఃఖం ఎంత, ప్రదర్శన ఎంత?

2020 ఆగస్టు 28న హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ పోయారు. నాలుగేళ్లు క్యాన్సర్‌తో పోరాడుతూ ఎవరికీ చెప్పకుండా సినిమాలు చేశారు. ఆ కబురు చెబుతూ కుటుంబం పెట్టిన ట్వీట్‌కు వచ్చినన్ని లైకులు అప్పటివరకు ఏ ట్వీట్‌కూ రాలేదు, 70 లక్షలు దాటాయి. అంతకు కొద్ది నెలల ముందే ఆయన బాగా చిక్కిపోయి కనిపించిన వీడియో కింద జనం ఎగతాళి కామెంట్లు పెట్టారు. ఆ కామెంట్లు రాసినవాళ్లలో ఎందరు ఆగస్టులో కన్నీటి బొమ్మలు పెట్టారో!

1997లో బ్రిటన్ యువరాణి డయానా పోయినప్పుడు చూడండి. తల్లి పోయిన ఇద్దరు పిల్లలు, ఒకరికి 15, ఒకరికి 12. వాళ్లు నానమ్మ, అంటే రాణి ఎలిజబెత్ దగ్గర స్కాట్లండ్‌లో ఉన్నారు. లండన్‌లో జనం, పత్రికలు ఏం అడిగాయి? రాణి వచ్చి తమ ముందు బాధపడాలని. జెండా దించాలని. చివరికి రాణి వచ్చారు, టీవీలో మాట్లాడారు, బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద ఎప్పుడూ లేని విధంగా జాతీయ జెండాను సగం వరకు దించారు. సెప్టెంబరు 6న ఆ ఇద్దరు పిల్లలు శవపేటిక వెనుక వేల మంది చూస్తుండగా నడిచారు. ఏ పిల్లాడినీ అలా నడవమని అడగకూడదని వాళ్లలో చిన్నవాడు హ్యారీ పెద్దయ్యాక అన్నారు. అభిమానుల దుఃఖం పిల్లల దుఃఖాన్ని తోసేసి ముందు కూర్చుంది. నా కోపం దాని మీద.

వానచినుకు:
గట్టిమాట గారూ, మీరన్నది నాకు తగిలింది. నేను కూడా ఆ రాత్రి ఆవిడ కూతురి పేజీకి వెళ్లి పెద్ద కామెంట్ రాశాను. ఆవిడ పాట నన్ను ఎలా నిలబెట్టిందో, నేను ఎంత కుమిలిపోతున్నానో. తల్లి పోయిన అమ్మాయికి నా బాధ గురించి రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

నిశిత గారూ, ఆ రోజు నేను ఏం చేస్తున్నానంటే, ఫోన్లు చేస్తున్నాను. ఎవరెవరికి చెప్పాలో లిస్టు నాదే. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, పెద్దమ్మను పట్టుకోవడం, డాక్టరు సర్టిఫికెట్ తేవడం. నాకు ఆ రోజు అసలు గుర్తే లేదు.

నిశిత:
అదేనండీ. ఆ రోజు మీకు ఏడ్చే తీరిక లేదు. దుఃఖం ఎక్కడికీ పోలేదు, ఆగి ఉంది. ఇప్పుడు ఎవరినీ పట్టుకోవాల్సిన పని లేని చావు ఒకటి వచ్చింది, అది దారి చూసుకుంది. ఇలాంటి వాళ్లను నేను చాలామందిని చూశాను. మీరు ఏడ్చింది ఇద్దరి కోసమూ అయి ఉండొచ్చు.

మూడోమలుపు:
కార్ల రేసుల అభిమానిని. ఒక సంగతి చెప్పాలనిపించింది.

1994 మే 1న ఇటలీలోని ఇమోలా ట్రాక్ మీద బ్రెజిల్ రేస్ డ్రైవర్ అయర్టన్ సెన్నా చనిపోయారు. బ్రెజిల్‌లో మూడు రోజులు జాతీయ సంతాపం పాటించారు. సావో పావులో వీధుల్లో లక్షల మంది బారులు తీరారు. ట్రాక్ మీద బద్ధ ప్రత్యర్థి అయిన అలెన్ ప్రోస్ట్ శవపేటిక మోసినవాళ్లలో ఉన్నారు. ఇదంతా అందరికీ తెలుసు. ఆ ముందు రోజు, ఏప్రిల్ 30న, అదే ట్రాక్ మీద రోలండ్ రాట్జెన్‌బెర్గర్ అనే ఆస్ట్రియా డ్రైవర్ చనిపోయాడని చాలామందికి తెలియదు. అతనికి అది మొదటి సీజన్. అతని అంత్యక్రియలు సాల్జ్‌బర్గ్‌లో జరిగితే, రేసింగ్ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ మోస్లీ అక్కడికి వెళ్లారు. అందరూ సెన్నా దగ్గరికి వెళ్లారు కాబట్టి ఇతని దగ్గరికి ఒకరైనా వెళ్లాలని వెళ్లానని తర్వాత చెప్పారు.

సెన్నా కారులో మడతపెట్టిన ఆస్ట్రియా జెండా దొరికింది. రేసు అయ్యాక రాట్జెన్‌బెర్గర్ కోసం దాన్ని ఎగరేయాలని పెట్టుకున్నారు. కోట్ల మంది ఎవరి కోసం ఏడ్చారో, ఆయన ఆ ఉదయం ఎవరూ పట్టించుకోని మనిషి కోసం బాధపడుతున్నారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

పాతరేడియో:
నిజం నాయనా. కాలం కూడా అలా కొందరిని మింగేస్తుంది. 1977 ఆగస్టు 16న అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పోతే, మూడు రోజులకు హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ పోయారు. జీవితమంతా జనాన్ని నవ్వించిన మనిషికి పత్రికల్లో దొరికిన చోటు కొంచెమే. 2009 జూన్ 25న ఉదయం అమెరికా నటి ఫరా ఫాసెట్ పోయింది, మధ్యాహ్నం గాయకుడు మైకేల్ జాక్సన్ పోయారు. సాయంత్రానికి ఆమె పేరు ఎత్తినవాళ్లు లేరు.

డెస్క్‌మనిషి:
ఇరవై ఏళ్లు వార్తల డెస్క్‌లో పనిచేశాను. మా వైపు నుంచి కొంత చెప్తాను.

పెద్దవాళ్ల నివాళి వ్యాసాలు వాళ్లు బతికుండగానే రాసి పెట్టుకుంటాం. వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, అందులో నాకు తప్పు కనిపించదు. అరగంటలో హడావిడిగా రాసేదానికంటే, తీరిగ్గా ఆ మనిషి పని అంతా చూసి రాసిందే గౌరవం. 2011 మార్చిలో హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ పోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ వేసిన నివాళిని రాసిన మెల్ గుస్సో 2005లోనే చనిపోయారు. రాసినవాడు పోయిన ఆరేళ్లకు అచ్చయింది. ఎంత శ్రద్ధగా రాసి ఉంటాడో కదా.

నాకు తప్పు అనిపించేది ఇంకొకటి. అందరికంటే ముందు ఫ్లాష్ వేయాలన్న ఒత్తిడి. నేను ఒకసారి వేశాను. ఆస్పత్రిలో ఉన్న నటుడు పోయారని ఎవరో చెప్తే, ఇంకో ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా స్క్రోలింగ్ ఇచ్చేశాను. ఆయన ఇంకా నాలుగు రోజులు బతికే ఉన్నారు. వాళ్ల అబ్బాయి ఆఫీసుకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "సార్, అమ్మ టీవీ చూస్తోంది" అన్నాడు, అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020లో ఆస్పత్రిలో ఉన్న ఆ యాభై రోజులూ తప్పుడు వార్తలు ఎన్ని వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన కొడుకు చరణ్ మళ్లీ మళ్లీ వీడియోలో వచ్చి నాన్న ఆరోగ్యం గురించి చెప్పాల్సి వచ్చింది. తండ్రి పక్కన ఉండాల్సిన సమయంలో మనకు జవాబు చెప్పాల్సిన పని కూడా ఆ పిల్లాడి మీద పడింది.

పాతరేడియో:
ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అయితే ఒకటి చెప్పాలి. ఆ ఆగస్టు 20న సాయంత్రం 6 గంటలకు ఎవరిళ్లలో వాళ్లు ఆయన పాట పెట్టుకుని, ఆయన కోలుకోవాలని ప్రార్థించాం. కరోనా వల్ల గుమికూడే వీల్లేదు. నేనూ మా ఆవిడా కూర్చుని విన్నాం. సెప్టెంబరు 25న ఆయన పోయాక వెళ్లి చూసే వీలు కూడా లేకపోయింది. మళ్లీ అదే చేశాం, పాట పెట్టుకున్నాం. అక్కడ ఎవరినీ తోసింది లేదు, ఎవరి గుమ్మం ముందూ నిలబడింది లేదు. నాకు అదే సరైన నివాళి అనిపించింది.

తెరచాటు:
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా పిన్ని సీరియళ్లలో చేసేది. పెద్ద పేరేమీ కాదు, వీధిలో నలుగురు గుర్తుపట్టేంత పేరు. గుండెపోటుతో ఉన్నట్టుండి పోయింది.

జనం వచ్చారు. కొందరు తలుపు దగ్గరే ఆగి దండం పెట్టి వెళ్లిపోయారు. కొందరు ఫోన్లు పైకెత్తి లోపలికి వచ్చారు. మా చెల్లి, అంటే పిన్ని కూతురు, అమ్మ ముఖం మీద జుట్టు సర్దుతుంటే ఒకతను "కొంచెం పక్కకు జరగమ్మా" అన్నాడు. ఫొటో కోసం. చెల్లి జరిగింది కూడా. అడిగారు కాబట్టి జరిగింది. ఆ పిల్ల దాని గురించి ఈ రోజు వరకు మాట్లాడలేదు.

ఎల్విస్ శవపేటికలో ఉన్న ఫొటోను ఒక పత్రిక మొదటి పేజీలో వేస్తే ఆ సంచిక 60 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. అప్పుడు కెమెరా ఉన్నవాడు ఒక్కడు. ఇప్పుడు అందరి చేతిలోనూ ఉంది. 2020లో అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన 13 ఏళ్ల కూతురు, ఇంకో ఏడుగురు హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక, అక్కడికి వెళ్లిన సిబ్బందే మృతదేహాల ఫొటోలు తీసుకున్నారు. అది బయటపడ్డాకే కాలిఫోర్నియాలో అలా తీయడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. చట్టం వచ్చేదాకా ఆ సిబ్బందికి అది తప్పని తోచలేదా అనిపిస్తుంది నాకు.

ఇంకో మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. నెల తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. చేత్తో రాసింది. ఒక పెద్దావిడ, తన భర్త మంచాన పడ్డ రెండేళ్లూ ఇద్దరూ రోజూ పిన్ని సీరియల్ చూసేవాళ్లట. "ఆ అరగంట మాకు ఆయన జబ్బు గుర్తుండేది కాదు" అని రాశారు. జవాబు అడగలేదు, అడ్రసు కూడా రాయలేదు. చెల్లి ఆ ఉత్తరాన్ని అమ్మ చీరల మధ్య దాచుకుంది.

కాబట్టి వానచినుకు గారూ, మీ కామెంట్ గురించి మరీ సిగ్గుపడకండి. ఏం రాశామన్నది ఒకటి, ఎప్పుడు రాశామన్నది ఇంకొకటి. మీ దుఃఖం నిజమే. ముందు వరస మాత్రం ఇంటివాళ్లకు వదిలేయండి.

గట్టిమాట:
తెరచాటు గారూ, నేను చెప్పాలనుకుని కోపంలో పాడుచేసిన మాటను మీరు సరిగ్గా చెప్పారు. మీ చెల్లికి నా నమస్కారం చెప్పండి.

కలువ:
ఇంటివాళ్లు అభిమానుల దుఃఖానికి కూడా చోటు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. 1980 డిసెంబరు 8న బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్య జరిగాక ఆయన భార్య యోకో ఓనో అంత్యక్రియల సభ పెట్టలేదు. వచ్చే ఆదివారం ఎక్కడున్నవాళ్లు అక్కడే పది నిమిషాలు మౌనం పాటించమని అడిగారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోనే రెండు లక్షల మందికి పైగా ఆ పది నిమిషాలు నిలబడ్డారు. 2016లో ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బోవీ పోతే కుటుంబం ఏ సభా లేకుండానే దహనం చేసింది. జనం ఆయన పుట్టిన లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో గోడ మీది ఆయన బొమ్మ దగ్గర చేరి పాటలు పాడుకున్నారు. ఎవరి చోటు వాళ్లకు దక్కింది.

అమెరికా గాయని సెలీనాది మాత్రం నాకు మింగుడుపడదు. 1995లో 23 ఏళ్లకే ఆ అమ్మాయిని చంపేశారు. శవపేటిక ఖాళీదని, ఆమె బతికే ఉందని పుకారు పుట్టింది. జనాన్ని నమ్మించడానికి ఆ తల్లిదండ్రులు పేటిక తెరిపించాల్సి వచ్చింది. నమ్మలేకపోవడం ప్రేమే కావచ్చు, కానీ దాని ఖరీదు ఎవరు కట్టారు?

దుఃఖం పనికొచ్చిన చోట్లు కూడా చెప్తాను. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకు పోయారు. ఆయన కళ్లు నలుగురికి చూపునిచ్చాయి. ఆ తర్వాత నేత్రదానానికి పేర్లు ఇచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. ఇంగ్లండ్‌లో జేడ్ గూడీ అనే టీవీ మనిషి 2009లో 27 ఏళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. ఆమె జబ్బు సంగతి బయటికొచ్చిన దగ్గర నుంచి ఏడాదిలో మామూలు కంటే 4 లక్షల మందికి పైగా ఎక్కువ మంది ఆడవాళ్లు ఆ పరీక్ష చేయించుకున్నారు. వాళ్లలో కొందరైనా ఈ రోజు బతికున్నది ఆమె వల్లే. నేను కూడా అలాంటి ఒక వార్త చదివే మొదటిసారి పరీక్షకు వెళ్లాను.

నిర్వాహకులు:
చర్చ బాగా నడుస్తోంది. ఒక్క విషయం ఇక్కడ చేర్చాలి.

పోయిన మనిషిది ఆత్మహత్య అయితే ఎలా జరిగిందన్న వివరాలు ఈ వేదికలో రాయకండి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం మాత్రమే కాదు. 2014 ఆగస్టులో హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ ఆత్మహత్యతో పోయాక, ఆ ఏడాది చివరి వరకు అమెరికాలో ఆత్మహత్యలు అంచనా కంటే దాదాపు 10 శాతం ఎక్కువ జరిగాయని పరిశోధకులు లెక్కించారు. 1994లో రాక్ గాయకుడు కర్ట్ కొబైన్ అలాగే పోయినప్పుడు ఆయన ఉన్న సియాటిల్‌లో అలాంటి పెరుగుదల కనిపించలేదు. అక్కడ సాయం ఎక్కడ దొరుకుతుందో గట్టిగా చెప్పారు, ఆ చావును గొప్పగా చూపలేదు. హెల్ప్‌లైన్‌కు వచ్చే ఫోన్లు మాత్రం పెరిగాయి. ఎలా మాట్లాడతామన్నదాని మీద ప్రాణాలు ఆధారపడతాయి.

ఇది చదువుతున్న వాళ్లలో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తే, దయచేసి మీ దగ్గరి మనిషికో, హెల్ప్‌లైన్‌కో ఇప్పుడే ఫోన్ చేయండి. ఇక్కడ రాసినా మేం చూస్తాం.

మూడోమలుపు:
మంచి మాట. వానచినుకు గారూ, ఎలా ఉన్నారు?

వానచినుకు:
నాలుగు రోజులు ఏమీ రాయలేదు, అన్నీ చదువుతూనే ఉన్నాను. తెరచాటు గారి పోస్టు మూడుసార్లు చదివాను.

ఆ కామెంట్ తీసేశాను. ఆవిడ కూతురు చూసి ఉంటుందో లేదో. నెల ఆగి, నా గురించి కాకుండా వాళ్లమ్మ పాట గురించి నాలుగు లైన్లు రాద్దామనుకుంటున్నాను. మా ఆయనకు జవాబు చెప్పాను. ఎనిమిదో తరగతి నుంచి పరీక్షల ముందు రాత్రులన్నీ ఆ గొంతుతోనే గడిచాయని చెప్తే, "అయితే నాకంటే ముందే వచ్చిందన్నమాట" అన్నారు.

నిన్న పెద్దమ్మకు ఫోన్ చేశాను. గాయని సంగతి ఎత్తలేదు, పెదనాన్న గురించే అడిగాను. రెండేళ్లుగా ఎవరూ అడగలేదట, అందరూ ఆవిడ బీపీ గురించే అడుగుతారట. గంటసేపు మాట్లాడింది. ఆయన చొక్కాలన్నీ ఇంకా బీరువాలోనే ఉన్నాయి, తీయబుద్ధి కావడం లేదంది. ఆదివారం నేను వెళ్తున్నాను. ఇద్దరం కూర్చుని సర్దుతాం.